అడిగితే ఏమవుతుంది? ఆత్మహత్యల నివారణలో మాట చేసే పని

ఎవరైనా ప్రాణం తీసుకున్న ఇంట్లో, ఏడుపుల మధ్య తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: ‘‘మాతో ఒక్క మాట చెప్పి ఉంటే...’’ అందులో ప్రేమ ఉంది, దిక్కుతోచనితనం ఉంది. ఆ మాట అన్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చివరిదాకా పైకి ఏమీ కనిపించనివ్వని మనుషులూ ఉంటారు. అయినా ఆ వాక్యాన్ని ఒకసారి నిదానంగా చూడండి. చెప్పాల్సిన భారమంతా, గొంతు పెగలని స్థితిలో ఉన్న మనిషి మీదే ఉంది. ఆ భారంలో కొంత పక్కనున్నవాళ్లు ఎత్తుకుని, ముందు తామే అడిగితే? బ్రిటన్‌లో ‘సమారిటన్స్’ అనే స్వచ్ఛంద సంస్థ 1953 నుంచి చేస్తున్న పనంతా ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 7 లక్షల 20 వేల మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారు. 15 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మూడో పెద్ద కారణం ఇదే. ఇంత పెద్ద సమస్యకు ‘మాట్లాడండి’ అనేది మరీ చిన్న జవాబుగా తోస్తుంది. నాకూ మొదట అలాగే తోచింది. మాట ఎక్కడిదాకా పనిచేస్తుంది, ఎక్కడ చాలదు అన్నది విడదీసి చూశాకే దాని విలువ అర్థమైంది.

వేచి ఉన్నవాళ్ల గదిలో తేలిన సంగతి

1935లో ఇంగ్లండ్‌లోని లింకన్‌లో కొత్తగా మతగురువుగా చేరిన చాడ్ వరా జరిపించిన మొదటి అంత్యక్రియలు ఒక పద్నాలుగేళ్ల అమ్మాయివి. ఆమెకు నెలసరి మొదలైంది. అదేమిటో ఆ పిల్లకు చెప్పినవాళ్లు లేరు. తనకేదో సుఖవ్యాధి సోకిందనుకుని భయపడింది, ఎవరినీ అడగలేక ప్రాణం తీసుకుంది. ఐదు నిమిషాల మాటతో తీరిపోయే భయం అది. ఆ పిల్ల వరా మనసులోంచి పోలేదు.

పద్దెనిమిదేళ్ల తర్వాత, 1953 నవంబర్ 2న, లండన్ నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్ చర్చిలో ఆయన ఒక ఫోన్ పెట్టారు. నిప్పంటుకుంటే, దొంగలు పడితే 999కి ఫోన్ చేయొచ్చు. చచ్చిపోవాలనిపించే మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబర్ మాన్షన్ హౌస్ 9000. డిసెంబర్‌లో డైలీ మిర్రర్ పత్రిక ‘టెలిఫోన్ గుడ్ సమారిటన్స్’ అని రాసింది. ఆ పేరే నిలిచింది. పేరు, దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్న మనిషి గురించిన బైబిల్ కథలోదే అయినా సంస్థకు ఏ మతంతోనూ సంబంధం లేదు.

ఫోన్లు చేసేవాళ్లే కాదు, నేరుగా వచ్చేవాళ్లూ పెరిగారు. వరా ఒక్కరే అందరితో మాట్లాడాలి కాబట్టి మిగతావాళ్లు బయట గదిలో కూర్చునేవారు. సాయం చేస్తామంటూ వచ్చిన మామూలు మనుషులు కొందరు ఆ కూర్చున్నవాళ్లకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని, చెప్పేది వినేవారు. కొన్నాళ్లకు వరా గమనించారు: చాలామందికి లోపలికి వచ్చి తనను కలవాల్సిన అవసరమే ఉండటం లేదు. బయట గదిలోనే మనసు తేలికపడి వెళ్లిపోతున్నారు. చికిత్స అనుకున్నది లోపలి గదిలో ఉంటే, చాలామందికి సాంత్వన వెలుపలి గదిలో దొరికింది. 1954 ఫిబ్రవరి 2న ఆయన వినే పనిని పూర్తిగా ఆ వలంటీర్లకే అప్పగించారు.

ఇదొక మంచి కథగా చెప్పి వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. ఆ వలంటీర్లు సలహాలిచ్చేవారు కాదు. వాళ్లు వైద్య నిపుణులు కారు. ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు, అంతే. ఈనాటికీ సమారిటన్స్ వలంటీర్లకు శిక్షణలో నేర్పేది ప్రధానంగా ఇదే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఫోన్ మోగడం మొదలైన నాటికి ఇంగ్లండ్‌లో ఆత్మహత్యాయత్నం నేరం. 1961లో చట్టం మారేదాకా, ప్రాణాలతో బయటపడినవాళ్లను కోర్టుకు ఈడ్చే వీలుండేది. అంటే ఆ ఫోన్‌లో మనసు విప్పడమంటే ఒక నేరపు ఆలోచనను ఒప్పుకోవడమే. మన భాషలో ఈ నీడ ఇంకా ఉంది. దొంగతనానికి పాల్పడ్డాడు అంటాం, మోసానికి పాల్పడ్డాడు అంటాం, ఆత్మహత్యకు పాల్పడ్డాడు అని కూడా అంటాం. ఈ మూడో మాట రాసేవాళ్లు ఎవరూ చెడ్డ ఉద్దేశంతో రాయరు. కానీ అలాంటి ఆలోచనలతో కుమిలిపోతున్న మనిషి దాన్ని చదివినప్పుడు, తనకొచ్చిన ఆలోచన ఒక దోషమనీ, బయటపెడితే తలదించుకోవాలనీ మరోసారి అనుకుంటాడు. ‘ఆత్మహత్యతో చనిపోయాడు’, ‘ప్రాణం తీసుకున్నాడు’ అని రాస్తే ఆ భావం ఉండదు. ‘విఫలయత్నం’ అనడం కూడా మానేయాలి. బతికి బయటపడటం వైఫల్యమెలా అవుతుంది?

అడిగితే లేని ఆలోచన పుడుతుందా?

అడగాలనుకున్నవాళ్లను ఆపేసే భయాల్లో మొదటిది ఇదే. ‘ఆ మాట ఎత్తితే, లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమో.’ ఈ భయం ఉన్నవాళ్లు బాధ్యత తెలిసినవాళ్లు, అందుకే దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పరిశోధకులూ కొట్టిపారేయలేదు, పరీక్షించి చూశారు.

2005లో వెలువడిన ఒక అధ్యయనం కోసం న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులను రెండు గుంపులుగా చేశారు. మొదటి సర్వేలో ఒక గుంపును ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, రెండో గుంపును అడగలేదు. రెండు రోజుల తర్వాత రెండు గుంపులనూ అడిగి పోల్చారు. ముందు అడిగించుకున్న పిల్లల్లో దిగులు గానీ, అలాంటి ఆలోచనలు గానీ ఎక్కువ కాలేదు. అంతకుముందే కుంగుబాటులో ఉన్న పిల్లల విషయంలో, అడగడం వల్ల హాని జరగకపోగా కాస్త ఊరట కలిగిన సూచనలే కనిపించాయి. 2014లో ఇలాంటి 13 అధ్యయనాలను కలిపి సమీక్షించినప్పుడు, అడగడం వల్ల ఆ ఆలోచనలు చెప్పుకోదగ్గ స్థాయిలో పెరిగినట్టు ఒక్కదానిలోనూ తేలలేదు.

ఎందుకిలా? ఆత్మహత్య గురించి దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్విన్ ష్నైడ్‌మన్ ఈ స్థితిలో రెండు కోరికలు పక్కపక్కనే ఉంటాయని పదేపదే చెప్పారు. ఆ మనిషికి కావలసింది మరణం కన్నా ముందు, భరించలేని మనోవేదన ఆగిపోవడం. మరో దారి కనిపిస్తే బతకాలనే కోరిక ఆ క్షణంలో కూడా లోపల ఉంటుంది. వేదన పెరిగేకొద్దీ చూపు ఇరుకవుతుంది, ఉన్న దారులు కూడా కనిపించవు. అలాంటప్పుడు ఎవరైనా సూటిగా అడిగితే కొత్త ఆలోచన లోపలికి వెళ్లదు. లోపల ఒంటరిగా తిరుగుతున్న ఆలోచనకు బయటికొచ్చే తలుపు దొరుకుతుంది.

థామస్ జాయినర్ అనే మనస్తత్వవేత్త 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. ‘నాకెవరూ లేరు’, ‘నేను అందరికీ భారం’ అనే రెండు భావనలు కలిసి స్థిరపడినప్పుడు చావాలనే కోరిక బలపడుతుందని ఆయన అంటారు. తెలుగులో ఈ రెండో భావన ఎలా బయటపడుతుందో మనకు తెలుసు: ‘‘నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు.’’ కోపంలో అన్నదనుకుని, ‘‘ఎందుకలా మాట్లాడతావ్, నోర్మూసుకో’’ అని కసురుతాం. ఆ కసురులోనూ ప్రేమే ఉంటుంది. కానీ తలుపు మూసుకుపోతుంది. ఆ మాట విన్నప్పుడు ఆగి, ‘‘నువ్వు భారమని నీకు అంతగా అనిపిస్తోందా? ఎప్పటి నుంచి?’’ అని అడగడం ఎంత తేడా తెస్తుందో చూడండి. అడిగారంటేనే ఎవరో ఉన్నారని తెలుస్తుంది. అంటే మొదటి భావన కూడా అక్కడే కాస్త సడలుతుంది.

నేరుగా అడగడం శిక్షణ పొందినవాళ్లకు కూడా కష్టమే. అమెరికాలో 14 హెల్ప్‌లైన్ కేంద్రాలకు వచ్చిన 1,431 సంక్షోభ కాల్స్‌ను పరిశోధకులు విన్నారు. వాటిలో 723 కాల్స్‌లో ఆత్మహత్య ఆలోచన ఉందా అని అసలు అడగనేలేదు. ఆ పనికే కూర్చున్నవాళ్లు సగం సార్లు వెనకాడితే, ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు నోరు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. మనలో లోపం ఉందనుకోనక్కర్లేదు, ముందు నుంచీ కాస్త సాధన చేయాలి.

‘కదా’ దగ్గర ఆగిపోయే ప్రశ్న

మన భాషలో ఈ ప్రశ్న అడిగే తీరు గురించి కాస్త ఎక్కువగా చెప్పుకోవాలి. ధైర్యం చేసి అడిగినవాళ్లు కూడా సాధారణంగా ఇలా అడుగుతారు: ‘‘పిచ్చి ఆలోచనలేమీ రావట్లేదు కదా?’’ ఆ ‘కదా’లోనే జవాబు ఉంది. ‘లేదు’ అని చెప్పమని బతిమాలుతున్నాం. ‘పిచ్చి’ అనే మాటతో, ఒకవేళ వస్తుంటే అది పిచ్చితనమని ముందే తీర్పు కూడా ఇచ్చేశాం. ఎదుటివాళ్లు మన భయాన్ని చూసి, మనల్ని కాపాడటానికి, ‘‘ఛ, అలాంటిదేం లేదు’’ అంటారు. ఇద్దరికీ అప్పటికి ప్రాణం కుదుటపడినట్టుంటుంది. ఒక్కరికే నిజంగా కుదుటపడుతుంది.

అదే ప్రశ్నను ఇలా అడగొచ్చు: ‘‘ఇంత బాధలో ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోవాలని కూడా అనిపిస్తుంది. నీకు అలా అనిపిస్తోందా?’’ మొదటి వాక్యం సిగ్గు తీసేస్తుంది. రెండోది సూటిగా ఉంటుంది. గొంతులో తడబాటు ఉన్నా ఫర్వాలేదు. ఉన్న ఊళ్లో, ఉన్న బంధుత్వంలో ఏ పిలుపు ఉంటే ఆ పిలుపుతోనే అడగాలి. పెద్దవాళ్లనైతే, ‘‘బతకాలని లేదనిపిస్తోందా మీకు?’’ అని. మాట మెత్తగా ఉండొచ్చు, అర్థం మాత్రం మసకగా ఉండకూడదు.

‘అవును’ అని జవాబు వస్తే? చాలామంది అడగకపోవడానికి అసలు కారణం బహుశా ఇదే. ఆ తర్వాత ఏం చేయాలో తెలియదు. సమారిటన్స్ ప్రజలకు చెప్పే సూచనల సారాంశం నాకు అర్థమైనంతలో ఇది: మీకు పట్టింపు ఉందని తెలిసేలా ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి. తొందరపెట్టకండి. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు కాకుండా ‘ఎలా ఉంటోంది’, ‘అప్పుడేమైంది’ లాంటివి అడగండి. విన్నది సరిగ్గా అర్థమైందో లేదో మీ మాటల్లో తిరిగి చెప్పి చూడండి. మొహం తిప్పుకోబుద్ధయ్యే మాట వచ్చినా తట్టుకుని అక్కడే ఉండండి.

ఇవన్నీ చదివితే తేలిగ్గానే ఉంటాయి. చేసేటప్పుడు అడ్డుపడేది మన మంచితనమే. ‘‘ధైర్యంగా ఉండు.’’ ‘‘నీకేం తక్కువ?’’ ‘‘నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?’’ ‘‘పిల్లల మొహం చూసైనా...’’ వీటిలో ప్రతి మాటకూ అవతలి మనిషికి వినిపించే అర్థం ఒకటే: నీ బాధకు సరైన కారణం లేదు. పిల్లల మాట తెస్తే, ఇప్పటికే ‘వీళ్లకు నేను భారం’ అనుకుంటున్న తల్లికి అపరాధభావం ఇంకొంచెం పెరుగుతుంది. సలహా ఇవ్వాలనే తహతహ సగం మన కంగారు తగ్గించుకోవడానికే అని నేను అనుకుంటాను. మౌనంగా ఉండలేక మాట్లాడతాం. ఏడుస్తున్న మనిషి పక్కన రెండు నిమిషాలు ఏమీ అనకుండా కూర్చోవడం కష్టమే, కానీ వాళ్లు తర్వాత గుర్తుంచుకునేది ఆ రెండు నిమిషాలనే.

మాటతో ఆత్మహత్యలు తగ్గుతాయా?

ఇక్కడ చిక్కుముడి ఉంది. 1968లో బ్రిటన్‌లో ఒక పరిశోధకుడు సమారిటన్స్ శాఖలున్న పట్టణాలను, అలాంటివే అయినా శాఖలు లేని పట్టణాలతో పోల్చి, శాఖలున్నచోట ఆత్మహత్యలు తగ్గాయని ప్రకటించారు. పదేళ్ల తర్వాత, 1978లో, మరికొందరు పట్టణాలను మరింత జాగ్రత్తగా జతచేసి మళ్లీ లెక్కకట్టారు. తేడా కనిపించలేదు. ఆ కాలంలో బ్రిటన్‌లో ఆత్మహత్యలు తగ్గిన మాట నిజమే. అందుకు పెద్ద కారణం వేరే ఉందని పరిశోధకులు గుర్తించారు: ఇళ్లలో అందుబాటులో ఉన్న ఒక ప్రాణాంతక సాధనం, పూర్తిగా వేరే కారణాల వల్ల, దేశమంతటా మాయమైపోయింది.

ఫోన్ హెల్ప్‌లైన్లు వృథా అని దీనికి అర్థం కాదు. ఒక పట్టణం మొత్తం మరణాల లెక్కలోంచి ఒక సంభాషణ ఫలితాన్ని వేరుచేసి చూపడం దాదాపు అసాధ్యం. కానీ ఆ సాధనం మాయమవడంతో మరణాలు తగ్గడం మనకో ముఖ్యమైన విషయం నేర్పుతుంది. తీవ్రమైన ఆ తరుణం చాలామందికి వచ్చి పోయేదే. ఆ గడియలో చేతికి సాధనం దొరక్కపోతే, చాలామంది మరో దారి వెతుక్కోకుండా బతికిపోతారు. అమెరికాలో ఒక వంతెన దగ్గర 1937 నుంచి 1971 దాకా ఆపేసిన 515 మంది ఏమయ్యారో తర్వాత ఆరా తీస్తే, దాదాపు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా మామూలు కారణాలతో చనిపోయారు. ‘ఇవాళ ఆపితే రేపు చేసుకుంటారు’ అనే నమ్మకం తప్పని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మాట చేసే పని ఇక్కడ అర్థమవుతుంది. అది ఆ గడియను దాటిస్తుంది. అప్పు తీర్చదు, జబ్బు నయం చేయదు, విడిపోయినవాళ్లను కలపదు. వాటికి వేరే సాయాలు కావాలి. కుంగుబాటుకు చికిత్స ఉంది, అది మాటకు బదులు కాదు, మాటా దానికి బదులు కాదు. 2018లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం రెండూ కలిస్తే ఏమవుతుందో చూపించింది. ఆత్మహత్య ఆలోచనలతో అత్యవసర విభాగానికి వచ్చినవాళ్లతో కూర్చుని, ఆ ఆలోచన మళ్లీ ముంచుకొస్తే ముందు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లోంచి ఏం తీసేయాలి అన్నది కాగితం మీద రాయించారు. ఇంటికి వెళ్లాక ఫోన్ చేసి పలకరించారు. ఇవేవీ అందనివాళ్లతో పోలిస్తే, తర్వాతి ఆరు నెలల్లో వాళ్లలో ఆత్మహత్యకు సంబంధించిన ప్రయత్నాలు, సన్నాహాలు దాదాపు 45 శాతం తక్కువగా కనిపించాయి.

కాబట్టి ఎవరైనా ‘అవును’ అన్నప్పుడు, ఎలా అనే ఆలోచన దాకా వెళ్లారా, ఎప్పుడు అనుకున్నారా అని కూడా అడగాలి. వెళ్లి ఉంటే వాళ్లను ఒంటరిగా వదలకూడదు. ప్రమాదకరమైనవి దగ్గర లేకుండా చూడాలి. వెంటనే డాక్టర్‌నో అత్యవసర సేవలనో పిలవాలి. ‘ఎవరికీ చెప్పనని ఒట్టేయి’ అంటే ఆ ఒట్టు వేయకూడదు. ‘‘నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను, కానీ నీ ప్రాణం కోసం ఇంకొకరి సాయం తీసుకుంటాను’’ అని నిజం చెప్పాలి. ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే, భారత ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ‘‘నాకు బాగాలేదు’’ అన్నా చాలు.

విన్నవాళ్ల గురించి కూడా ఒక మాట. సమారిటన్స్‌లో షిఫ్టు ముగిసిన వలంటీర్ తాను విన్నది మనసులో మోస్తూ ఇంటికి వెళ్లడానికి వీల్లేదు. వెళ్లేముందు మరొకరితో మాట్లాడి దించుకోవాలి. ఇంట్లో, స్నేహంలో వినేవాళ్లకూ అలాంటి మనిషి ఒకరు కావాలి.

ఫోన్ దాటి బయటికి

ఇప్పుడు ఇలాంటి సంస్థలు ఫోన్ దగ్గరే కూర్చోవడం లేదు, మాటను జనం మధ్యకు తెస్తున్నాయి. 1991లో స్వాన్సీ జైలులో ఖైదీలకే సమారిటన్స్ శిక్షణ ఇచ్చి, తోటి ఖైదీల గోడు వినే ‘లిజనర్లు’గా తయారుచేసింది. ఆ పద్ధతి తర్వాత బ్రిటన్ జైళ్లలో విస్తరించింది. అధికారికి చెప్పలేనిది పక్క గదిలోవాడికి చెప్పగలరన్న ఎరుక అందులో ఉంది. 2017లో రైల్వేలతో, రైల్వే పోలీసులతో కలిసి మరో ప్రచారం మొదలైంది. ప్లాట్‌ఫామ్ మీద ఎవరైనా ఒంటరిగా, కలవరంగా కనిపిస్తే ప్రయాణికులు ఊరికే పలకరించాలని కోరింది. టైమెంత అయిందని అడిగినా, బండి ఎప్పుడొస్తుందని అడిగినా చాలు. ఆ చిన్న అంతరాయమే ముంచుకొస్తున్న ఆలోచన గొలుసును తెంపగలదని వాళ్లు చెప్పారు. ఆస్ట్రేలియాలో తండ్రిని ఆత్మహత్యతో పోగొట్టుకున్న గావిన్ లార్కిన్ 2009లో మొదలుపెట్టిన సంస్థకు పేరే ‘ఆర్ యూ ఓకే?’. అడగడం, వినడం, సాయం వైపు నడిపించడం, కొన్నాళ్లకు మళ్లీ పలకరించడం అన్న నాలుగు మెట్లు అది జనానికి నేర్పుతోంది.

ఈ నాలుగింటిలో నాలుగోదాన్నే మనం ఎక్కువగా మర్చిపోతాం. ఒకరోజు రాత్రంతా కూర్చుని వింటాం. తర్వాత ఏమడగాలో తెలియక, గుర్తుచేస్తే బాధపడతారేమోనని, ఊరుకుంటాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు సరిగ్గా ఈ ఖాళీ మీద పరిశోధన చేశారు. ఆత్మహత్య ఆలోచనలతోనో కుంగుబాటుతోనో ఆస్పత్రిలో చేరి, ఇంటికి వెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి ఐదేళ్లలో 24 ఉత్తరాలు పంపించారు. మొదట నెలకొకటి, పోనుపోను మూడు నెలలకొకటి. ఉత్తరంలో సలహా లేదు, ‘రండి’ అనే ఒత్తిడి లేదు. మీరు ఇక్కడి నుంచి వెళ్లి కొంతకాలమైంది, బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. ఎక్కువ ప్రమాదం ఉండే మొదటి రెండేళ్లలో ఉత్తరాలందుకున్నవాళ్లలో ఆత్మహత్య మరణాలు తక్కువగా నమోదయ్యాయి. కాలం గడిచేకొద్దీ ఆ తేడా క్రమంగా తగ్గిపోయింది.

ఉత్తరాలు రాసే రోజులు పోయినా ఆ నాలుగు వాక్యాలు ఫోన్‌లో టైపు చేయడానికి నిమిషం పట్టదు. ‘‘మొన్న మాట్లాడుకున్నాం కదా, ఇవాళ గుర్తొచ్చావు. ఎలా ఉన్నావు? చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోయినా ఫర్వాలేదు. వచ్చే వారం మళ్లీ పలకరిస్తా.’’